భయ స్థాపన, మొదటి దశ

మా మండలంలో మంచె మీంచి పడి కాలో చెయ్యో విరగ్గొట్టుకున్న మనిషి లేడు. మంచంలోంచి పడ్డవాళ్ళున్నారు. బడి వార్షికోత్సవంలో కుర్చీ వెనక్కి జరుపుకుని వేదిక మీంచి పడ్డ పెద్దమనిషి ఉన్నాడు. మంచె మీంచి మాత్రం ఎవరూ పడలేదు. ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మంచె భద్రతా కేంద్రం పెట్టినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పడం ఆఫీసు పద్ధతి కాదు.

కేంద్రం పుట్టడానికి కారణం వేరు. ఒక పెద్ద అధికారి అడవిపందుల లెక్క చూద్దామని ఎక్కడో మంచె ఎక్కబోయారు. మూడో మెట్టు దగ్గర ఆయనకు కళ్ళు తిరిగాయి. పడలేదు, దిగారు. కాని దిగుతుండగా నలభై మంది చూశారు. ఇన్నేళ్ళ సర్వీసున్న నాకే ఇట్లా ఉంటే సామాన్యుల గతేమిటని ఆయన దారి పొడుగునా బాధపడి, ఇల్లు చేరేలోపే ఉత్తర్వు రాయించారు. ఇకమీదట మంచె ఎక్కే ప్రతి మనిషి దగ్గరా ఎత్తు భయం పోయినట్టు ధ్రువపత్రం ఉండాలి. ధ్రువపత్రం ఇవ్వాలంటే శిక్షణ ఉండాలి. శిక్షణకు కేంద్రం ఉండాలి. కేంద్రానికి బోర్డు ఉండాలి. బోర్డు మొదటి వారంలోనే వచ్చింది.

బోర్డు కాక కేంద్రంలో ఉన్నది ముగ్గురమే. సంచాలకులు శేషావతారం గారు, అటెండరు సోమయ్య, నేను. నా పేరు అనంతరాములు, సీనియర్ అసిస్టెంటును. నన్నే ఎందుకు వేశారంటే, నాకు ఎత్తంటే భయం. మామూలు భయం కాదు, సివిల్ సర్జన్ సంతకం ఉన్న భయం. ఇరవై రెండేళ్ళ కింద నన్ను మా మండలాఫీసు రెండో అంతస్తు రికార్డు రూముకు వేస్తే, మెట్ల మలుపులో కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయాను. ఇద్దరు మనుషులు నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి నన్ను దించారు. మర్నాడే జిల్లా ఆసుపత్రికి పోయి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అప్పటినుంచి నా సర్వీసంతా నేల మీదే గడిచింది. వాన వస్తే మేడ మీది బట్టలు మా ఆవిడే తెచ్చుకుంటుంది. నాకు సిగ్గు లేదని కాదు. సిగ్గుకన్నా మెట్లు ఎక్కువ ఉన్నాయి, అంతే.

శేషావతారం గారు నా సర్వీసు పుస్తకం తిరగేసి ఆ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయారు. "మొత్తం జిల్లాలో ఈ విషయం మీద అధికారిక అనుభవం ఉన్న ఏకైక ఉద్యోగి మీరే," అన్నారు గౌరవంగా. నా జీవితంలో నన్ను నిపుణుడన్నది ఆయనొక్కరే.

శేషావతారం గారు చెడ్డవారు కారు. ఆఫీసు కాగితం మీద ఇంటి పద్దు కూడా రాయరు. దొంగ లెక్క అంటే ఒళ్ళు మండుతుంది. మా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మొదటి దరఖాస్తు మా ఆఫీసున్న ఇప్పలపెల్లి నుంచే వచ్చింది. మనిషి పేరు మొండయ్య, వయసు అరవై మూడు, పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. చేలల్లో పడే అడవిపందులను కాల్చడానికి మండలం మొత్తానికి అనుమతి ఉన్న తుపాకి ఆయనది ఒక్కటే. నేల మీద నిలబడి కాల్చకూడదని నిబంధన. తూటా తప్పితే మనిషికో పశువుకో తగులుతుంది. చెట్టు మీది మంచె నుంచి కిందికి కాలిస్తే తప్పిన తూటా మట్టిలో దిగుతుంది. ఇది మాత్రం తెలివైన నిబంధనే, మా కేంద్రం రాకముందే ఉన్నది.

ఆయన వెంట పోసవ్వ వచ్చింది. ఊరి చివర, మా ఆఫీసు వెనక కనబడే రెండెకరాల మక్క చేను ఆమెదే. కంకులు పాలు పోసుకుంటున్నాయి. పందులు వాసన పట్టి సాయంత్రం కాగానే దిగుతున్నాయి. భర్త పోయాక ఆమె ఒక్కతే దున్నించి, విత్తి, కలుపు తీసుకున్న చేను. ఏడాదికి ఆ ఒక్క పంటే. గట్టు మీది ఇప్పచెట్టుకు పన్నెండు మెట్ల నిచ్చెన, కొమ్మల పంగలో మంచె, అన్నీ ఏళ్ళనుంచి ఉన్నాయి. మొండయ్య ఎక్కితే చాలు.

"గీ కాయిదం ఇయ్యి సారూ, పొద్దుగూకేవరకు మొండన్న చెట్టెక్కాలె," అంది పోసవ్వ.

నేను ఫారం తీశాను. నాలుగో గడి, శిక్షణకు ముందు భయం, పదికి ఎంత. అయిదో గడి, శిక్షణ తర్వాత ఎంత. ఆరో గడి, తేడా. తేడా ఆరుకు తగ్గితే ధ్రువపత్రం లేదు.

"హవల్దారు గారూ, చెట్టెక్కితే మీకు భయం ఎంత?"

"బుగులా? నాకా?" మొండయ్య మీసం మీద చెయ్యి వేశాడు. "మంచుకొండల్ల ఆరేండ్లు ఉన్న. నలభై ఏండ్ల సంది చెట్లెక్కుతున్న. సున్న రాయి."

సున్నా రాశాను. శిక్షణ తర్వాత కూడా సున్నాయే కదా. తేడా సున్నా వచ్చింది.

ఫారం పట్టుకుని లోపలికి వెళ్ళాను. శేషావతారం గారు కళ్ళజోడు పైకెత్తి చూశారు. "శూన్యంలోంచి శూన్యం తీసేస్తే ప్రగతి ఏదండీ? పథకం పేరేమిటి? భయ నిర్మూలన. ఈయన దగ్గర నిర్మూలించడానికి ఏముంది?"

"ఏడో ఎనిమిదో రాసేద్దాం సార్," అన్నాను మెల్లగా.

ఆయన ముఖం ఎర్రబడింది. "మన కేంద్రంలో కాగితం మీది భయాలు ఉండవు. భయం అంటూ రాస్తే అది క్షేత్రస్థాయిలో నిజంగా ఉండాలి."

బయట మొండయ్య కూడా అదే అన్నాడు, వేరే మాటల్లో. "భయపడ్డ అని నేను సంతకం పెట్టాల్నా? నా చెయ్యి ఇరగ."

ఇద్దరు నిజాయితీపరుల మధ్య పోసవ్వ మక్క చేను నిలబడింది.

శేషావతారం గారు ఆ మధ్యాహ్నం భోజనం మానేసి ఆలోచించారు. మూడు గంటలకు నన్ను పిలిచారు. ఆయన కళ్ళల్లో వెలుగు ఉంది. "అనంతరాములు గారూ, ప్రభుత్వం ఒక దాన్ని తొలగించదలిచినప్పుడు, అది లబ్ధిదారుల దగ్గర అందుబాటులో ఉండేలా చూడడం మన బాధ్యత. ముందు సమకూర్చాలి, తర్వాత తొలగించాలి. రెండు దశలు. మొదటి దశ భయ స్థాపన. రెండో దశ భయ నిర్మూలన. మొదటి దశకు శిక్షకులు మీరే."

ప్రతిపాదన పంపితే నాలుగో రోజున ఆమోదం వచ్చింది. అంత తొందరగా వచ్చిన ఆమోదం నా సర్వీసులో చూడలేదు.

శిక్షణ మండలాఫీసు కింది హాల్లో, చాపల మీద. మొదటి తరగతికి మొండయ్య ఒక్కడే. గోడకు ఆనుకుని, సిపాయి కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. టీ తెచ్చిన సోమయ్య తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

నేను పాఠం తయారు చేసుకోలేదు. అవసరం రాలేదు. యాభై ఏళ్ళుగా నా లోపల నడుస్తున్నదే బయటికి చెప్పాను. "మీరు ఎక్కేటప్పుడు మెట్టు వంక చూస్తారు. దాన్ని పట్టుకున్న మేకు వంక ఎప్పుడైనా చూశారా? ఆ మేకు కొట్టినవాడు ఎవరు? ఆ రోజు వాడి మనసెక్కడుంది? మీ అరచేతికి చెమట పట్టడం మీకు తెలుసు. అది పట్టే క్షణం ముందు తెలుస్తుందా? కిందికి చూడకూడదని అందరూ అంటారు. ఎందుకంటారు? కింద ఏమున్నదని?"

మొండయ్య మొదటి రోజు నవ్వాడు. రెండో రోజు నవ్వలేదు. మూడో రోజు, మోకాళ్ళు మెత్తబడితే ఎట్లా ఉంటుందో నేను చెబుతుండగా, ఆయన తన మోకాలు ఒకసారి తడుముకున్నాడు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నా భయం ఒకరికి పనికొచ్చింది. నేను చెబుతుంటే ఒక హవల్దారు నోరు తెరుచుకుని విన్నాడు. ఆ రాత్రి ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అయిదో రోజు క్షేత్ర పరీక్ష. ఇప్పచెట్టు కింద శేషావతారం గారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. మొండయ్య నాలుగు మెట్లు ఎక్కాడు. నాలుగో మెట్టు మీద ఆగి, నలభై ఏళ్ళలో మొదటిసారి కిందికి చూశాడు. ఆ తర్వాత రెండు చేతులతో చెట్టును వాటేసుకున్నాడు. దించడానికి చాలాసేపు పట్టింది.

కిందికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ముఖం పాలిపోయింది. "కింద గింత దూరం ఉంటదని నాకు గిప్పుడే తెల్సింది," అన్నాడు.

శేషావతారం గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. "పదికి తొమ్మిది! సున్నా నుంచి తొమ్మిది! స్థాపన సంపూర్ణం."

పోసవ్వ మాత్రం చేలోకి వెళ్ళి, పంది కొరికి వదిలేసిన కంకి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఫలితం పైకి తెలిసింది. ఇంత మంచి కార్యక్రమాన్ని పందుల దగ్గరే ఎందుకు ఆపాలని ప్రశ్న వచ్చింది. ఆరడుగులకు మించి ఎక్కే వృత్తులవాళ్ళందరికీ మొదటి దశ తప్పనిసరి అయింది. తాళ్ళెక్కే సాయిలు గౌడు నాలుగు తరగతులు విన్నాడు. అయిదో రోజున మోకు భుజాన వేసుకుని తాటివనంలోకి పోయి, తాటిచెట్టు మొదట్లో కాసేపు నిలబడి, ఇంటికొచ్చి పడుకున్నాడు. ఊళ్ళో కల్లు ఆగిపోయింది. కరెంటు లైన్‌మన్ స్తంభం వంక దిగులుగా చూసి ఫోనులోనే రిపేరు చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళ ట్యాంకు కడిగేవాడు కింద నుంచి దాని ఆరోగ్యం అడిగి వస్తున్నాడు. అందరికన్నా మంచి విద్యార్థి సోమయ్య. వాడు పేరు నమోదు చేయించుకోలేదు, టీ ఇస్తూ విన్నాడు, అంతే. ఇప్పుడు గోడ గడియారానికి సెల్లు వేయడానికి స్టూలు ఎక్కలేడు. ఆఫీసులో పదకొండున్నర అయి మూడు వారాలైంది.

శేషావతారం గారు నా తరగతికి ఒకసారి పరిశీలకులుగా వచ్చి గంట కూర్చున్నారు. మర్నాడు మొదటి అంతస్తులోని తన బస గదిని పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా కిందికి మార్పించారు.

పోసవ్వ రోజూ వచ్చేది. పొద్దున పదింటికి ఒక కంకి తెచ్చి నా బల్ల మీద పెట్టేది. ఆఫీసుకు వచ్చినదాన్ని నమోదు చేయకుండా ఉంచకూడదు కనుక సోమయ్య ఇన్వర్డ్ రిజిస్టరులో రాసేవాడు. నంబరు 214, మక్క కంకి, కొరికినది, ఒకటి. నంబరు 217, మక్క కంకి, కొరికినది, ఒకటి. నంబరు 221కి పావెకరం పోయింది.

"డబ్బా కొడుతున్న సారూ, అరుస్తున్న. పందులు నా దిక్కు జూసి మళ్ళ తింటున్నయి," అంది. "బుగులు ఎక్కిచ్చినోల్లు దించుడు ఎప్పుడు?"

అదే అడగడానికి లోపలికి పోయాను. శేషావతారం గారు రెండో దశ ఫైలు చూపించారు. ఫైలు దళసరిగా ఉంది. "చిన్న చిక్కు వచ్చిందండీ. నిర్మూలన శిక్షకుడికి అర్హత, స్వయంగా నిర్మూలన ధ్రువపత్రం పొంది ఉండడం. అది సబబే కదా, భయం ఉన్నవాడు భయం ఎట్లా తీస్తాడు? అయితే ఇంతవరకు ధ్రువపత్రం ఎవరికీ జారీ కాలేదు. ఎందుకు కాలేదంటే శిక్షకుడు లేడు. వివరణ కోరుతూ పైకి రాశాం."

"జవాబు ఎప్పుడొస్తుంది సార్?"

"వచ్చే ఆర్థిక సంవత్సరంలోపు వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయలేం."

బయటికొచ్చాను. బల్ల మీద ఆ రోజు కంకి ఉంది. ఒక వైపు పళ్ళ గాట్లు, ఇంకో వైపు నిండిన గింజలు. అప్పటిదాకా నాకు నా పాఠాల గొప్పే కనబడింది. ఆ కంకి చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నా దగ్గరున్నది ఒక రోగం. దాన్ని సర్టిఫికెట్ పెట్టి దాచుకున్నంతకాలం నాకొక్కడికే నష్టం. ఇప్పుడు ఊరికి అంటించాను.

ఆ సాయంత్రం ఇప్పచెట్టు దగ్గరికి నడిచాను. మొండయ్య అక్కడే ఉన్నాడు. తుపాకి ఒళ్ళో పెట్టుకుని చెట్టు వంక చూస్తున్నాడు. పోసవ్వ గట్టు మీద డబ్బా పట్టుకుని కూర్చుంది.

"అన్నా, నన్ను చెట్టెక్కించు," అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. మొండయ్య చాలా రోజుల తర్వాత నవ్వాడు. "నువ్వా?"

"నేను చెప్పింది నీకు ఎక్కింది. నువ్వు చెప్పింది నాకు ఎక్కుతుందేమో చూద్దాం."

పోసవ్వ లేచింది. "బుగులు ఉంటె ఉండనియ్యి సారూ. నడుముకు మోకు కట్టుకో."

మోకు సాయిలు గౌడు ఇచ్చాడు, పాతది ఇంకోటి కూడా ఇచ్చాడు. "నాకిప్పట్ల దీంతోని పని లేదు గదా," అన్నాడు నిష్ఠూరంగా.

మొండయ్య మోకు నా నడుము చుట్టూ, చెట్టు చుట్టూ వేసి ముడి బిగించాడు. "నేల మీదున్నప్పుడే కట్టాలె. దిగినంకనే ఇప్పాలె. మధ్యల ఇప్పినోడు మనోడు గాదు." తర్వాత నా చేతులు పట్టుకుని మెట్టు మీద పెట్టాడు. "రెండు చేతులు, రెండు కాళ్ళు. నాలుగిట్ల మూడు ఎప్పుడూ పట్టు మీదుండాలె. ఒక్కటే కదలాలె. ముందలున్న బెరడును జూడు. పైకి జూడకు, కిందికి జూడకు."

మొదటి మెట్టు ఎక్కాను. నేలకు అడుగున్నర ఎత్తు. గుండె చెవుల్లో కొట్టుకుంది. దిగబోతే మొండయ్య ఆపాడు. "దిగకు. ఆడనే ఉండు. గుండె సల్లబడ్డంక దిగు. ఉరికితే బుగులు నీ ఎన్కనే ఉరుకుతది."

ఇప్పచెట్టు బెరడులో ఒక చీమల బారు పోతోంది. అది చూస్తూ నిలబడ్డాను. కొంతసేపటికి చీమలు లెక్కపెట్టగలిగాను. అప్పుడు దిగాను. ఆ రోజుకు అంతే.

రెండో రోజు రెండు మెట్లు. మూడో రోజు మూడు. నాలుగో మెట్టు దగ్గర నేను మేకు గురించి అడిగాను. పాఠంలో చెప్పిన మేకే. అది ఎవరు కొట్టారు?

"నేనే కొట్టిన," అన్నాడు మొండయ్య.

"గట్టిగానే ఉందా?"

"గట్టిగుండక ఏమైతది?" అన్నాడు గాని, నా ముఖం చూసి ఆయనకు నమ్మకం పోయింది. రెండో మోకు నడుముకు కట్టుకుని, నన్ను దిగమని, తనే నాలుగు మెట్లెక్కి మేకును రాయితో కొట్టి చూశాడు. అయిదో మెట్టు మేకు వదులుగా ఉంది. దాన్ని కూడా బిగించాడు. ఆరోదీ చూశాడు. దిగి వచ్చాక, తను ఎక్కినట్టు ఆయనకే గుర్తొచ్చి, చేతులు ఒకసారి చూసుకున్నాడు.

మర్నాటి నుంచి నేను అనుమానాలు అడుగుతూనే ఉన్నాను. నాకు అవి కొదవా? ఏడో మెట్టు కర్రకు చెద పట్టిందేమో. మంచె కట్టిన తీగ తుప్పు పట్టిందేమో. ప్రతి అనుమానానికీ మొండయ్య విసుక్కుంటూ పైకి పోయి చూసివచ్చేవాడు. మూడింటికి ఒకటి నిజమయ్యేది. చెద పట్టిన మెట్టు మార్చాడు. తీగ కొత్తది వేశాడు. నలభై ఏళ్ళలో ఆ మంచె అంత గట్టిగా ఎప్పుడూ లేదని ఆయనే అన్నాడు. నా భయం ఎక్కడికీ పోలేదు. కాని మొదటిసారి దానికి ఒక పని దొరికింది.

పన్నెండో రోజు సాయంత్రం, ధ్రువపత్రం లేకుండానే, ఇద్దరం మంచె మీద ఉన్నాం. నేను పైకి ఎట్లా వచ్చానో చెప్పడం కష్టం. బెరడు చూస్తూ వచ్చాను. కూర్చున్నాక కూడా మోకు విప్పలేదు. కింద పోసవ్వ ఖాళీ తుపాకిని చేంతాడు కొసకు కట్టి సైగ చేసింది. మొండయ్య పైకి లాగాడు. "తుపాకి పట్టుకోని ఎక్కినోడికి మూడో చెయ్యి ఉండాలె," అన్నాడు. పైన కుదురుకున్నాకే తూటా వేశాడు.

చీకటి పడకముందే పందులు వచ్చాయి. ముందు ఒక పెద్దది, వెనక గుంపు. మక్క ఆకులు గలగలలాడాయి. పోసవ్వ ముందే చేను దాటి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. మొండయ్య ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాడు. తుపాకి గొట్టం ఇంత కూడా కదలలేదు. నేను నా మోకు ముడి మరోసారి తడిమి చూసుకున్నాను.

ఒక్క చప్పుడు. పెద్ద పంది పడింది. మిగతావి గట్టు దూకి అడవిలోకి పోయాయి. రోడ్డు మీంచి పోసవ్వ అరుపు వినబడింది, ఏమన్నదో తెలియలేదు. దిగడానికి నాకు అరగంట పట్టింది. చెట్టుకే ముఖం పెట్టి, ఒక్కో మెట్టూ కాలితో తడిమి దిగాను. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ తర్వాత గుంపు చేను వైపు రాలేదు. వచ్చినా మొండయ్య మంచె మీద ఉంటున్నాడు.

ఆఫీసులో మాత్రం విషయం వేరే విధంగా తెలిసింది. నాకు మెమో వచ్చింది. పంది పడిన నాలుగో రోజు సాయంత్రం నేను మంచె మీద ఉండగా సోమయ్య తెచ్చాడు. చెట్టు కింద నిలబడి, నిచ్చెన వంక చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. "సారూ, మీ చేతికే ఇయ్యాలట. నేను ఎక్కలేను. మీరే నేర్పిండ్రు గదా."

చేంతాడు వదిలాను. మెమో కట్టాడు. పైకి లాగి చదివాను. శాఖాపరంగా నమోదైన భయాన్ని ముందస్తు అనుమతి లేకుండా, నిర్మూలన దశ ప్రారంభం కాకముందే, వ్యక్తిగత హోదాలో పోగొట్టుకున్నందుకు నాపై చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలపాలి.

వెనకవైపు సంజాయిషీ అక్కడే రాశాను. అయ్యా, భయం పోలేదు. ముందు పది, ఇప్పుడు ఏడు, తేడా మూడు. తమరు వచ్చి పరిశీలించగలరు, మోకు సిద్ధంగా ఉన్నది. మడిచి, తాడుకు కట్టి కిందికి వదిలాను.

శేషావతారం గారు పరిశీలనకు రాలేదు. కాని లెక్క తప్పరు. తేడా మూడు కనుక నాకు ధ్రువపత్రం రాదన్నారు. మొండయ్యకు ముందు తొమ్మిది, ఇప్పుడు రెండు, తేడా ఏడు. ఫారంలో శిక్షకుడి పేరుకు గడి లేదు కనుక ఆయనకు వచ్చింది. మొట్టమొదటి ధ్రువపత్రం, ప్లాస్టిక్ కవరులో. భయ స్థాపన వల్లనే ఇది సాధ్యమైందని శేషావతారం గారు పైకి నివేదిక పంపారు. పథకాన్ని మరో పన్నెండు మండలాలకు విస్తరిస్తున్నారని విన్నాను. మొండయ్య ఆ ధ్రువపత్రాన్ని నిచ్చెన కాలు కింద పెట్టాడు. అక్కడ నేల కొద్దిగా పల్లం. సాయిలు గౌడుకు ఏ కాగితమూ అక్కరలేకపోయింది. ఇప్పచెట్టు దగ్గర మూడు సాయంత్రాలు గడిపి, మోకు వెనక్కి తీసుకుని తాటివనంలోకి పోయాడు. ఊళ్ళో మళ్ళీ కల్లు దొరుకుతోంది.

నా మీద చర్య కూడా తీసుకున్నారు. మంచె ఎక్కినవాడికి నేల మీది ఉద్యోగం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. సివిల్ సర్జన్ సర్టిఫికెట్ రద్దయింది. నన్ను రెండో అంతస్తు రికార్డు రూముకు బదిలీ చేశారు.

మొదటి రోజు కమ్మీ పట్టుకుని, గోడ మీది సున్నం చూస్తూ ఎక్కాను. ఇరవై రెండేళ్ళ కింద కూర్చుండిపోయిన మలుపులో కాసేపు నిలబడ్డాను. గుండె చల్లబడ్డాక మిగతావి ఎక్కాను. రికార్డు రూములో దుమ్ము, ఎలుకలు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే ఎదురుగా పోసవ్వ చేను. అరెకరం బోసిగా ఉంది. మిగతా ఎకరన్నర నిండు కంకులతో నిలబడి ఉంది. గట్టు మీద ఇప్పచెట్టు, అందులో మా మంచె. ఆ కిటికీ అక్కడ ఉన్నదని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. తెలియనందుకు ఏడుపొచ్చింది, ఎవరూ లేరు కనుక కాసేపు ఏడ్చాను.

"రాములు సారూ!" కింద నుంచి పోసవ్వ కేక. చేతిలో ఏదో ఎత్తి చూపిస్తోంది. ఆలస్యంగా వేసిన చివరి సాలులోని లేత కంకి, పొట్టుతో సహా కాల్చింది. పొగలు చిమ్ముతోంది.

నడుముకు తాడేమీ లేదు గనుక కిటికీ చువ్వలు ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, ఫైళ్ళు కట్టే తాళ్ళు నాలుగు ముడేసి కిందికి వదిలాను. పోసవ్వ కంకి కట్టబోయింది.

"ఆగవ్వా, నంబరు పడకుండ పైకి పోనియ్యద్దు," అంటూ సోమయ్య రిజిస్టరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గోడకు ఆనించుకుని రాశాడు. రాస్తూ పైకి వినబడేట్టు చదివాడు. "నంబరు రెండు వందల నలభై మూడు. మక్క కంకి. కొరకనిది. ఒకటి."